రాళ్ళకూ ఒక రిజిస్టరు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపండన్నా అని తమ్ముళ్ళు అడిగితే మేము నలుగురం కూర్చుని ఆలోచించాం. హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామంటే నీళ్ళచారు మీద, ట్రంకు పెట్టెల మీద, వార్డెన్ సారు రాత్రి తనిఖీల మీద మా ముందు బ్యాచుల వాళ్ళు ఇప్పటికే చాలా రాశారు, మాకంటే బాగా రాశారు. కవిత్వం మాకు రాదు. అందుకని ఇప్పుడు మేము చేస్తున్న పని గురించే రాస్తున్నాం. ఇలాంటి పని ఒకటి లోకంలో ఉందని మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో మాకు ఎవరూ చెప్పలేదు.

మాలో ఒకరు జియాలజీలో ఎమ్మెస్సీ చేశారు. ఇద్దరిది ఐ.టి.ఐ.లో సర్వేయర్ ట్రేడు. ఇంకొకరిది డిగ్రీ కంప్యూటర్స్. నలుగురివీ గోదావరి లోయ ఊళ్ళే. ముగ్గురి నాయినలు బాయి పని చేసినవాళ్ళు. బొగ్గు కోసం వేసిన బోర్ల కొలతలన్నీ పోగుచేసి, తప్పులు ఏరి, ఒక పద్ధతిలో పేర్చి, కంప్యూటర్లో భూమి లోపలి నమూనా తయారుచేసే జియాలజిస్టులకు అందించడం మా పని. ఆ నమూనాను తెర మీద తిప్పి చూస్తే పొలం కింద రాతి పొరలు, వాటి నడుమ నల్లటి బొగ్గు పొరలు, పొరలను తెంపేసిన భ్రంశాలు అన్నీ పొడవు, వెడల్పు, లోతులతో కనిపిస్తాయి. చూసినవాళ్ళు అబ్బో అంటారు. మాకు మాత్రం ఆ రంగుల బొమ్మ కంటే దాని వెనక ఉండే నాలుగు పట్టికల మీదనే ధ్యాస. పట్టికలో ఏముంటే బొమ్మలో అదే వస్తుంది. తప్పుంటే తప్పు కూడా అంతే అందంగా వస్తుంది.

ముందు బోరు సంగతి చెప్పాలి. పొలంలో నీళ్ళ బోరు వేసేటప్పుడు రాయి పిండిపిండిగా బయటికి వస్తుంది కదా. బొగ్గు అన్వేషణలో ఎక్కువగా వేసేది కోర్ డ్రిల్లింగ్. వజ్రపు ముక్కలు పొదిగిన బిట్టు రాయిని గుండ్రంగా కోసుకుంటూ దిగుతుంది. మధ్యలో మిగిలిన రాతి కడ్డీని పైకి తీస్తారు. దాన్నే కోర్ అంటారు. ఎన్.క్యూ. అనే సైజులో దాని మందం 47.6 మిల్లీమీటర్లు, అంటే మన హాస్టల్ స్టీలు గ్లాసులో దూరిపోతుంది. ఆ కడ్డీలను పెట్టెల్లో వరుసగా పేర్చి, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఏ రాయి ఉందో జియాలజిస్టు రాసుకుంటారు. ఇసుకరాయి ఇంత, బంకమట్టి రాయి ఇంత, బొగ్గు ఇంత అని. ఆ రాతను లాగ్ అంటారు.

ఇప్పుడు లెక్క చూడండి. 400 మీటర్లకు ఒక బోరు చొప్పున వేశారనుకుంటే ఒక్కో బోరు వాటాకు 16 హెక్టార్లు, అంటే దాదాపు 40 ఎకరాలు వస్తుంది. గ్లాసులో పట్టే రాతి కడ్డీ నలభై ఎకరాల తరఫున సాక్ష్యం చెప్తుందన్నమాట. బోరుకూ బోరుకూ మధ్య ఉన్న ఖాళీని కంప్యూటరు గణితంతో పూరిస్తుంది. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో పనిచేసిన డానీ క్రిగ్ అనే ఇంజనీరు 1951లో ఈ లెక్కకు దారి వేశాడు. ఆయన పేరు మీదనే దాన్ని క్రిగింగ్ అంటారు. గణితం ఎంత గొప్పదైనా సాక్షి చెప్పినదాన్నే నమ్ముతుంది. సాక్షులు ఇంత తక్కువమంది ఉన్నచోట ఒక్కరి ఊరు తప్పు రాసినా కేసు తారుమారవుతుంది.

ఆ ఊరూ పేరూ సరిగ్గా రాయడానికే నాలుగు పట్టికలు. మన హాస్టల్లో అడ్మిషన్ రిజిస్టరు వేరు, హాజరు పట్టీ వేరు, కాస్మెటిక్ చార్జీల రిజిస్టరు వేరు. అన్నిటినీ కలిపేది అడ్మిషన్ నంబరు. మా బ్యాచులో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్ళు ఇద్దరుండేవారు. నంబరు ఉండబట్టి ఒకరి డబ్బులు ఇంకొకరికి పోలేదు. బోర్లదీ అదే పద్ధతి. కాలర్ పట్టికలో బోరు మూతి భూమి మీద ఎక్కడుంది, సముద్ర మట్టానికి ఎంత ఎత్తున ఉంది, మొత్తం లోతెంత అనేవి ఉంటాయి. సర్వే పట్టికలో బోరు ఏ లోతులో ఎటువైపు ఎంత వంగిందో ఉంటుంది. మూడోది రాతి పట్టిక, ఎన్ని మీటర్ల నుంచి ఎన్ని మీటర్ల వరకు ఏ రాయి అని. నాలుగోది పరీక్షల పట్టిక, ఏ ముక్కలో తేమ ఎంత, బూడిద ఎంత అని. నాలుగింటినీ కుట్టే దారం బోరు నంబరు.

ఆ నంబరుతోనే మొదటి తలనొప్పి. ఎక్సెల్‌లో 3-7 అని బోరు నంబరు కొట్టి చూడండి. అది జూలై 3 అయిపోతుంది. 012 అని కొడితే ముందున్న సున్నా మాయమవుతుంది. ఒక కాగితం మీద అడ్డగీత, ఇంకో కాగితం మీద చుక్క, మూడోదాని మీద ఏదీ లేకుండా రాసిన నంబర్లు మనిషికి ఒకటే అనిపిస్తాయి, యంత్రానికి మూడు వేర్వేరు బోర్లు. అందుకే కొత్త బ్లాకు మొదలైతే మేము కొలతల జోలికి పోకుండా మొదటి వారమంతా నంబర్ల మీదనే కూర్చుంటాం. కొత్తగా చేరిన పిల్లలు ఇదేం పనన్నా అని విసుక్కుంటారు. విసుక్కోవలసిన పనే.

గోదావరి లోయ కాగితాల వయసు కూడా తక్కువేం కాదు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. అప్పటి నుంచి నూటయాభై ఏళ్ళకు పైగా ఎందరో తవ్వారు, కొలిచారు, రాశారు. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. అంతకుముందు రాసిన లాగులు అడుగుల్లో, అంగుళాల్లో ఉంటాయి. 600 అడుగులంటే 182.88 మీటర్లు. గుణించడం పెద్ద విషయం కాదు. ఏ కాగితం అడుగుల్లో ఉందో, ఏది మీటర్లలో ఉందో పోల్చుకోవడమే కష్టం, ఎందుకంటే చాలామంది అంకె రాసి ఊరుకున్నారు. పొరల పేర్లది ఇంకో కథ. ఒక ప్రాంతంలో కింగ్ సీమ్, క్వీన్ సీమ్ అంటారు, ఇంకోచోట రాస్ సీమ్, సాలార్‌జంగ్ సీమ్, మరోచోట 1, 2, 3ఎ, 3బి, 4. ఒక బోరులో 3 అని రాసిన పొరా పక్క బోరులో 3ఎ అని రాసిన పొరా ఒకటేనా కాదా అన్నది జియాలజిస్టు తేల్చాలి. మేము తేల్చకూడదు. ఆయన తేల్చేదాకా కాగితం మీద ఉన్న పేరును ఒక గడిలో, తేల్చిన పేరును పక్క గడిలో వేరుగా ఉంచుతాం. పాత పేరును చెరిపేసి కొత్తది రాయడం మా దగ్గర నిషేధం. రేపు ఇంకొకరు వచ్చి ఎందుకిలా కలిపారని అడిగితే చూపించడానికి మూలం ఉండాలి.

లోతు నుంచి మట్టం తీయడం సంచిక చదివే తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. ఒక బోరు మూతి మట్టం 152.40 మీటర్లు, బొగ్గు పొర పైకప్పు 118.90 మీటర్ల లోతున తగిలింది. తీసివేస్తే 33.50. దానికి 200 మీటర్ల దూరంలో ఇంకో బోరు, మూతి మట్టం 147.10, పొర తగిలింది 133.60 దగ్గర. తీసివేస్తే 13.50. అంటే 200 మీటర్ల దూరంలో పొర 20 మీటర్లు దిగింది. మన బాయి భాషలో పదికి ఒకటి వాలు. ఇలాంటి బోర్లు మూడు ఒకే గీతలో లేకుండా ఉంటే పొర అసలు వాలు ఎటువైపో గ్రాఫు కాగితం మీద కట్టేయవచ్చు. కంప్యూటరు చేసేది ఇదే పని, వేల బోర్లతో.

కానీ ఈ తీసివేత నిజం కావాలంటే బోరు నిట్టనిలువుగా దిగి ఉండాలి. రాయి గట్టిపడినచోట, పొర వాలుగా ఉన్నచోట బోరు మెల్లగా పక్కకు జరుగుతుంది. ఒకేవైపు 3 డిగ్రీలు వంగి 400 మీటర్లు దిగిందంటే అడుగు కొస దాదాపు 21 మీటర్లు పక్కన ఉంటుంది. లోతులో తేడా మాత్రం అర మీటరు పైచిలుకే. లోతు సరిగ్గానే ఉంది కదా అని చూసేవాళ్ళకు ఏ అనుమానమూ రాదు. సర్వే పట్టికలో ఇంకో చిక్కు, కిందికి పోయే కోణాన్ని కొన్ని సాఫ్ట్‌వేర్లు 90 అంటాయి, కొన్ని మైనస్ 90 అంటాయి. గుర్తు తప్పితే బోరు ఆకాశంలోకి లేస్తుంది. ఇది మంచి తప్పు, చూడగానే దొరుకుతుంది.

దొరకనివి కాలర్ పట్టికలో ఉంటాయి. పాత సర్వే షీట్లు 1830 నాటి ఎవరెస్ట్ లెక్క మీద ఆధారపడి ఉన్నాయి. భూమి గుండ్రనాన్ని అప్పట్లో అలా లెక్కగట్టారు. ఇప్పటి జి.పి.ఎస్. డబ్ల్యు.జి.ఎస్.-84 అనే ఇంకో లెక్క మీద నడుస్తుంది. అక్షాంశ రేఖాంశాలు రెంటిలోనూ ఒకేలా కనిపిస్తాయి, డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు. కానీ ఒకదానిలోని అంకెలను మార్చకుండా ఇంకోదానిలో పెడితే మన ప్రాంతంలో చుక్క దాదాపు 200 మీటర్లు జరుగుతుంది. ఎత్తుకూ ఇదే జబ్బు. జి.పి.ఎస్. ఇచ్చే ఎత్తు సముద్ర మట్టం నుంచి కొలిచింది కాదు, లెక్కలోని నున్నటి గోళం నుంచి కొలిచింది. గోదావరి లోయలో ఈ రెంటికీ తేడా 70 మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. సగం బోర్లకు ఒక ఎత్తు, సగానికి ఇంకో ఎత్తు వాడితే నమూనాలో లేని భ్రంశం పుట్టుకొస్తుంది. పొర ఒక్కసారిగా 70 మీటర్లు తెగిపడినట్టు కనబడుతుంది.

ఈ అంకెలన్నీ ఇంత పట్టుబట్టి ఎందుకు రాస్తున్నామో ఇప్పుడు చెప్తాం. పాత బాయిల్లో తవ్వి వదిలేసిన గాలరీలలో నీళ్ళు నిండి ఉంటాయి. నీరు నిండిన పాత తవ్వకానికి 60 మీటర్ల లోపల కొత్త పని చేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని గని నిబంధన. అరవై మీటర్లు. పైన చెప్పిన చుక్క జరుగుడు 200 మీటర్లు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. కాగితం మీద అరవై మీటర్ల గోడ భద్రంగా నిలబడి ఉంటుంది, కింద ఆ గోడ ఉండకపోవచ్చు.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. అప్పుడు మేము హాస్టల్లో ఉన్నాం. బడులు తెరిచిన కొత్త. ఆ వారం కోల్‌బెల్టు పిల్లలెవరూ సరిగ్గా అన్నం తినలేదు. ఎవరి నాయిన ఏ బాయిలో, ఏ షిఫ్టులో ఉన్నాడో ఒకరినొకరు అడుక్కుంటూ తిరిగాం. మా ముగ్గురి నాయినలూ వేరే బాయిల్లో ఉన్నారు. అయినా ఫోన్‌లో గొంతు వినేదాకా మనసు నిలవలేదు. ఆ ప్రమాదం ఎందుకు జరిగిందో తేల్చే అర్హత మాకు లేదు, ఆ చర్చ ఇక్కడ పెట్టడం లేదు. నీళ్ళు ఒక్కసారి లోపలికి వస్తే బాయిలో మనిషికి ఉండే సమయమెంతో మాత్రం ఆ వారంలో తెలిసింది.

దానికి ఏడాది ముందు అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్వీక్రీక్ అనే గనిలో జరిగింది చదువుకుంటే కొలతల సంగతి ఇంకా తేటగా అర్థమవుతుంది. 2002 జూలై 24న అక్కడి కార్మికులు పక్కనున్న సాక్స్‌మన్ అనే పాత గనిలోకి పొరపాటున తవ్వేశారు. వాళ్ళ దగ్గరున్న పటంలో పాత గని చివరి తవ్వకాలు లేవు. నీళ్ళు వచ్చి 9 మంది 240 అడుగుల లోతున చిక్కుకుపోయారు. పైనున్నవాళ్ళు వాళ్ళు ఉండగల చోటును లెక్కగట్టి, జి.పి.ఎస్.తో పొలంలో చుక్క పెట్టి, ఆరంగుళాల బోరు దించి గాలి పంపారు. తర్వాత పెద్ద బోరు వేసి 28న తొమ్మిది మందినీ ప్రాణాలతో తీశారు. ఒక కొలత లేకపోవడం వాళ్ళను ముంచింది, ఇంకో కొలత సరిగ్గా ఉండటం వాళ్ళను తేల్చింది. తట్టా చెమ్మస్ పట్టిన మా నాయినలకు పటం చూసే అవకాశం ఎన్నడూ రాలేదు. ఎటు తవ్వమంటే అటు తవ్వారు. ఆ పటం వెనక పట్టికలో కూర్చునే వంతు ఇప్పుడు మాకొచ్చింది.

ఖాళీ గడికీ సున్నాకూ తేడా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్ళతో మా గొడవలన్నీ అక్కడే. ఒక బోరులో పొర తగల్లేదు. ఎందుకు తగల్లేదు? ఆ లోతు దాకా పోయి చూసినా పొర లేకపోతే అది సున్నా, పొర మందం సున్నా. బోరు అంత లోతు దిగకముందే ఆపేస్తే అది ఖాళీ, అక్కడ ఏముందో తెలియదు. ఖాళీ చోట సున్నా కొడితే నమూనాలో పొర అక్కడ సన్నబడి మాయమైపోతుంది. పరీక్ష చేయించని ముక్కకు బూడిద 0 అని పడితే ఇంకా విచిత్రం, బూడిదే లేని బొగ్గు ప్రపంచంలో మన దగ్గరే దొరికినట్టు అవుతుంది. పాత రిపోర్టుల్లో ఎ నుంచి జి వరకు గ్రేడ్లు ఉండేవి. 8900 లోంచి, తేమ బూడిదల మొత్తాన్ని 138తో గుణించి తీసేస్తే వచ్చే అంకెను బట్టి అవి ఇచ్చేవారు. 2012 జనవరి నుంచి మొత్తం ఉష్ణశక్తిని బట్టి జి-1 నుంచి జి-17 వరకు కొత్త గ్రేడ్లు వచ్చాయి. పాత జి గ్రేడును కొత్త జి-1 అనుకుంటే అట్టడుగు బొగ్గు రాత్రికి రాత్రి మేలిరకం అవుతుంది.

నమూనాలో ఉండనిది ఒకటుంది. మాలో ఒకరి ఊరు ఓపెన్‌కాస్టు కోసం చూస్తున్న ఒక బ్లాకు మీద ఉంది. వాళ్ళ తాతకు వచ్చిన రెండెకరాల లావణి పట్టా భూమి అందులోనే. ఆ బ్లాకు పట్టికలు మా టేబుల్ మీదికే వచ్చాయి. తెర మీద ఊరు కనబడదు, ఊరి కింది పొర కనబడుతుంది. పైమట్టం, పొర మందం, పైన తీసేయాల్సిన మట్టి ఎంత అన్నవే అంకెలు. ఆ పని వేరేవాళ్ళకు ఇచ్చేద్దామా అని మేము ఒక సాయంత్రం మాట్లాడుకున్నాం. ఆ మిత్రుడే వద్దన్నాడు. మన ఊరి అంకెలు మనం కాకపోతే ఇంకెవరు జాగ్రత్తగా చూస్తార్రా అన్నాడు. గీత ఎక్కడ పడుతుందో నిర్ణయించేది మేము కాదు. కానీ గీత తప్పు కొలత మీద పడితే నష్టపరిహారం లెక్క, ఖాళీ చేయాల్సిన ఇళ్ళ లెక్క అన్నీ ఆ తప్పు వెంటే పోతాయి. దీని మీద మా నలుగురికీ ఇప్పటికీ ఒకే అభిప్రాయం లేదు. రాయకుండా దాటవేయడం ఇష్టం లేక రాశాం.

తమ్ముళ్ళు అడుగుతారు కాబట్టి నాలుగు మాటలు. జియాలజీ, సర్వేయర్ ట్రేడు, కంప్యూటర్స్, మూడింట్లో ఏది చదివినా ఈ పనికి దారి ఉంది. సాఫ్ట్‌వేర్ కొనలేమని వెనక్కి తగ్గొద్దు. సర్పాక్, మైనెక్స్ లాంటివి ఖరీదైనవి, నిజమే. పటాలకు క్యూజిఐఎస్, పొరల నమూనాకు జెమ్‌పై ఉచితంగా దొరుకుతాయి. అవీ లేకపోతే గ్రాఫు కాగితం ఉంది. మన హాస్టల్ బోరు, బడి బోరు, ఊరి మంచినీళ్ళ బోరు వేసినప్పుడు ఎన్ని అడుగులకు రాయి తగిలిందో వేసినవాళ్ళను అడిగి రాయండి. ఆ చోట్లు ఫోన్‌లో గుర్తించి పక్కన రాయండి. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కూడా రాయండి. రాతి పొర మీకే కనబడటం మొదలవుతుంది. జీతం గురించి అబద్ధం చెప్పం. మొదట్లో తక్కువ, చాలావరకు కాంట్రాక్టు పని, కళ్ళద్దాలు తొందరగా వస్తాయి.

ఇది రాస్తున్న రోజుకు మా చేతిలో ఉన్న బ్లాకులో ఒక బోరు తేలలేదు. అడుగుల్లో రాసిన పాత బోరు. కాగితం మీది అంకెలు ఎలా మార్చి చూసినా చుక్క చెరువు మధ్యలో పడుతోంది. చెరువులో రిగ్గు నిలబెట్టి ఉండరు. ఆ ఊళ్ళో ఒక పెద్దాయన, నా చిన్నప్పుడు మిషను చింతచెట్టు పక్కనే నిలబెట్టారు బిడ్డా అన్నాడు. ఆ చెట్టు ఇప్పుడు నీళ్ళంచున ఉంది. వేసంగిలో చెరువు తగ్గాక మాలో ఇద్దరం పోయి, ఆయన్ని వెంటబెట్టుకుని, సిమెంటు దిమ్మె ఏమైనా మిగిలిందేమో వెతికి కొలుచుకు రావాలి. అప్పటిదాకా పట్టికలో ఆ వరుసను ఎర్ర రంగులో ఉంచాం. నమూనాలోకి పంపలేదు.